మచిలీబందరు: చూడదగిన స్థలాలు, చూడవలసిన తీరు

మ్యూజియమును మన ఉర్దూ విభాగపు విద్యార్థులు ‘అజాయబ్ ఘర్’ అంటారు. తెలుగు విభాగము వారు ‘వస్తుప్రదర్శనశాల’ అని వ్రాస్తారు. మొదటి మాటలో వింత ఉన్నది. రెండవ మాటలో వస్తువు ఉన్నది. ఆ వస్తువు ఎక్కడి నుండి వచ్చినది అన్న ప్రశ్న మాత్రం రెండింటిలోను లేదు. ప్రతి మ్యూజియము వెనుక, వస్తువులను పంపివేసి తాను ఖాళీగా మిగిలిన ఊరు ఒకటి ఉంటుంది. అట్టి ఊరిని చూడటం మ్యూజియమును చూడటం కన్న కష్టం. అక్కడ అద్దాల పెట్టెలు ఉండవు, చీటీలు ఉండవు. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, జనవ్యవహారంలో బందరు, అట్టి ఊళ్ళలో ఒకటి.

విజ్ఞానయాత్ర మాట వచ్చినప్పుడెల్లా చార్మినారు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, నాగార్జునసాగరం అన్న పేర్లే వినిపిస్తాయి. బందరు పేరు చెప్పితే, “అక్కడ చూడటానికి ఏమున్నది?” అంటారు. ప్రశ్న సబబైనదే. ఖర్చు భరించే కమిటీ వారికి, పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, రెండు రాత్రులు బయటికి పంపే తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసిన బాధ్యత అధ్యాపకులకు ఉన్నది. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

యూరపు ఖండపు ఉత్తరాన బాల్టిక్ సముద్రతీరంలో గ్డాన్‌స్క్ అనే పోలండు దేశపు రేవుపట్టణం ఉన్నది. 1945 నాటికి యుద్ధం వలన ఆ ఊరి పాతభాగం దాదాపు నేలమట్టమైనది. పాత చిత్రాలను, పటాలను ముందు పెట్టుకొని ఆ ప్రజలు వీధులను తిరిగి కట్టుకొన్నారు. పదిహేనవ శతాబ్దిలో ఓడల సరుకు ఎత్తడానికి కట్టిన కొయ్య యంత్రపు గోపురం యుద్ధంలో తగులబడగా, దానిని పునర్నిర్మించి జాతీయ సముద్రయాన ప్రదర్శనశాలలో భాగం చేసినారు. నది మధ్య దీవిలోని పాత ధాన్యపు గిడ్డంగులు కూడ ఆ ప్రదర్శనశాలలోనివే. అదే సముద్రంపై ఉన్న టాలిన్ నగరంలో కోట బురుజు ఒకటి నౌకాచరిత్రకు నిలయమైనది. అక్కడి యాత్రికునికి పని సులువు. టిక్కెట్టు కొని లోపలికి పోతే ఊరు తన కథను తానే చెప్పుకొంటుంది. బందరులో ఆ సౌకర్యం లేదు. కథను మనమే వెంట తీసుకొని పోవాలి. ఆ బాల్టిక్ సముద్రపు ముఖద్వారాన ఉన్న కోపెన్‌హాగన్ నుండి వచ్చిన డేనులు కూడ పదిహేడవ శతాబ్దిలో బందరులో వర్తకశాల నడిపినవారే. మనం పోల్చే రెండు తీరాలు ఒకప్పుడు ఒకే వ్యాపారపు రెండు కొసలు.

మొదట పేరు సంగతి. క్రీస్తు శకం మొదటి శతాబ్దిలో గ్రీకు భాషలో వ్రాసిన ఎర్రసముద్ర నౌకాయాన గ్రంథం ఈ తీరాన్ని ‘మసాలియా’ అన్నది. ఇక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పినది. రెండవ శతాబ్దివాడైన టాలెమీ ‘మైసోలియా’ అన్నాడు. ఆ ధ్వనిని విన్న తరువాత, ‘మఛ్లీ’ అనే ఉర్దూ మాట నుండి ఊరి పేరు పుట్టినదన్న కథను కొంచెం సందేహంతోనే వినాలి. పాతపేరుకు జనం తమకు తెలిసిన అర్థం తొడిగి ఉండవచ్చును. ‘బందరు’ సంగతి అట్లా కాదు. అది నిస్సందేహంగా ఫారసీ ‘బందర్’, అంటే ఓడరేవు. ఇరాన్ తీరంలోని బందర్ అబ్బాస్‌లో ఉన్నది ఈ మాటే. విజయవాడలో బందరు రోడ్డు అనే ప్రతి రిక్షావాడు తెలియకుండానే ఫారసీ మాట్లాడుతున్నాడని మా ఉర్దూ మిత్రులు వేళాకోళం చేస్తారు. అందులో అబద్ధం లేదు.

కుతుబ్‌షాహీల కాలంలో ఈ రేవు గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు సింహద్వారం. పదహారవ శతాబ్ది చివరి దశాబ్దాల నుండి ఇక్కడి ఓడలు తూర్పున పెగూ, అచే రేవులకు, పడమట ఎర్రసముద్రంలోని మోఖాకు పోయేవి. హజ్ యాత్రికులు కూడ ఆ ఓడలలోనే ప్రయాణం చేసేవారు. డచ్చివారు 1606 నాటికి, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడ వర్తకశాలలు పెట్టినారు. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుండి వచ్చిన మీర్ ముహమ్మద్ సయీద్ ఈ రేవు అధికారి పదవిలో పనిచేసి, ఆ పైన గోల్కొండకే మీర్ జుమ్లా అయినాడు. 1639లో అబ్దుల్లా కుతుబ్‌షా స్వయంగా బందరుకు వచ్చి సముద్రాన్ని, ఓడలను చూచినాడు. ఆ ప్రయాణపు వివరాలు నిజాముద్దీన్ అహ్మద్ ఫారసీలో వ్రాసిన ‘హదీఖతుస్సలాతీన్’లో ఉన్నాయి. సుల్తాను పోయిన దారి దాదాపు నేటి హైదరాబాదు–మచిలీపట్నం రాజమార్గపు దిక్కే.

ఇక ఈ రేవుతో మన ప్రాంతానికి ఉన్న చుట్టరికం. దీనిని కొంచెం విస్తరించి చెప్పక తప్పదు. మన జగిత్యాల జిల్లాకు పొరుగున, నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉన్నది. పందొమ్మిదవ శతాబ్ది మొదటి పాదంలో హెన్రీ వోయ్‌సీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు అక్కడ ఉక్కు తయారీని కళ్ళారా చూచి వ్రాసినాడు. అతడు 1824లో మరణించగా, ఆ రచన 1832లో కలకత్తాలో అచ్చైనది. రెండు వేర్వేరు చోట్ల కరగించిన ఇనుమును మూడు పాళ్ళకు రెండు పాళ్ళుగా కలిపి, మట్టిమూసలో పెట్టి, మూతికి మట్టి మెత్తి, బొగ్గుల కొలిమిలో కాల్చి, నిదానంగా చల్లార్చేవారు. మూస పగులగొట్టితే లోపల ఉక్కుముద్ద. ఇనుములోనికి బొగ్గుసారం తగుపాటిగా ఎక్కడం, మెల్లగా చల్లబడటం అన్న రెండింటిలోనే దాని రహస్యమంతా ఉన్నది. దానిని సాగగొట్టి కత్తి చేసి మెరుగు పెట్టితే, అలుగుపై నీటి అలల వంటి గీతలు తేలేవి. పడమటి దేశాలవారు ‘డమస్కసు కత్తి’ అన్నది దానినే.

ఆ ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు స్వయంగా కోనసముద్రం వచ్చి, కొలిమి దగ్గరనే కూర్చుండి సరుకు పరీక్షించి కొనేవారని వోయ్‌సీ చెప్పుతున్నాడు. అంతకు ముందే, 1660లలో ఈ దారిన పోయిన ఫ్రెంచి యాత్రికుడు తెవనో ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లెములు తయారగుట గురించి వ్రాసినాడు. అతని దేశస్థుడే అయిన తవెర్నియే, అలలు తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుండే వస్తుందన్నాడు. గోల్కొండ ఇనుము, ఉక్కు బందరు రేవు మీదుగా కూడ ఎగుమతి అయినవి. ఇంగ్లీషువారు ఆ లోహాన్ని ‘వూట్జ్’ అన్నారు. ఆ పేరు మన ‘ఉక్కు’ అన్న మాటకు నోరు తిరగని రూపమని పండితుల అభిప్రాయం. 1795లో లండను రాయల్ సొసైటీలో దానిపై పరిశోధనా పత్రం చదివినారు. కొంతకాలానికి మైకేల్ ఫారడే కూడ దానిని పరీక్షించినాడు. కమ్మరి కొలిమి ముందు కూర్చున్న మన పూర్వికుని చేతిపని విజ్ఞానశాస్త్ర పీఠానికి ప్రశ్నాపత్రమైనది! సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధశాలలో కత్తులను చూచే విద్యార్థి పిడిలోని రత్నాలను చూచి ముందుకు పోతాడు. అలుగుపై గీతలను చూడమని ముందే చెప్పి పంపాలి.

బందరు సొంత సరుకు మాత్రం బట్ట. ‘కలంకారీ’ అన్నది కూడ ఫారసీ మాటే. కలముతో చేసే పని అని అర్థం. నేడు శ్రీకాళహస్తిలో కలంతో వ్రాస్తారు. బందరు పద్ధతిలో చెక్కిన కొయ్య అచ్చులతో అద్దుతారు. బందరుకు సమీపాన ఉన్న పెడనలో ఈ వృత్తి సాగుతూనే ఉన్నది. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టుతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో పులియబెట్టిన ద్రవం కరక్కాయతో కలిసినప్పుడు నల్లరంగు అవుతుంది. ఎరుపుకు పటిక అద్ది, ఆపైన రంగునీటిలో ఉడికించుతారు. పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుతుంది, తగలని చోట కడుగులో పోతుంది. పూర్వం ఈ ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుండి వచ్చేది. కృష్ణాతీరపు ఇసుకనేలలలో పెరిగిన వేరుకు ప్రత్యేకమైన గిరాకీ ఉండేది. రసాయనశాస్త్ర విద్యార్థులు పుస్తకంలో చదివే ‘రంగును పట్టించే లవణం’ ఇక్కడ బకెట్లలో కనిపిస్తుంది.

ఈ బట్ట యూరపులో ఎంత వెఱ్ఱిగా అమ్ముడుపోయినదంటే, తమ నేతగాళ్ళ గోల భరించలేక ఫ్రెంచి ప్రభుత్వం 1686లో అద్దకపు నూలుబట్టలను నిషేధించినది. ఇంగ్లండు 1700లోను, 1721లోను చట్టాలు చేసినది. నాడు నిషేధించిన దేశాలే నేడు వాటిని అపురూపంగా దాచుకొన్నాయి. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియంలోను, న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియంలోను గోల్కొండ రాజ్యపు కలంకారీలు ఉన్నాయి. బట్టను ధరించి చించివేసిన మన వద్ద ఏమీ మిగలలేదు. పెట్టెలో మడిచి దాచినవాని వద్ద చరిత్ర మిగిలినది.

ఇప్పుడు ఊరు తిరుగుదాం. మొట్టమొదట చూడవలసినవి పేటల పేర్లు. వలందపాలెం అన్నప్పుడు వలందులు, అంటే హాలండువారు. పరాసుపేట అన్నప్పుడు పరాసులు, అంటే ఫ్రెంచివారు. ఇంగ్లీషుపాలెం తన అర్థాన్ని తానే చెప్పుతున్నది. పోయినవారి భవనాలు పోయినా, తెలుగువాడు తన నోటికి అనువుగా మలచుకొన్న వారి పేర్లు సిటీబస్సు కండక్టరు నోట ఇంకా బ్రతికి ఉన్నాయి.

కోట ఊరికి ఎడంగా సముద్రం వైపున ఉన్నది. 1750 నుండి ఫ్రెంచివారి చేతిలో ఉన్న దీనిని 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడి చేసి పట్టుకొన్నాడు. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి పలుకుబడి ఆ రాత్రితో తీరిపోయినది. ఇంత జరిగిన చోట నేడు కనిపించేవి మందమైన శిథిల గోడలు, తుప్పలు, గాలి. కోటను గురించి పాఠం చెప్పకుండా అక్కడికి తీసుకొనిపోతే పిల్లలు ఫోటోలు తీసుకొని వస్తారు, అంతకు మించి ఏమీ జరగదు.

డచ్చి సమాధులు అట్లా కాదు. పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాల సమాధిఫలకాలపై వంశచిహ్నాలు, డచ్చి భాషలో పేర్లు, తేదీలు లోతుగా చెక్కి ఉన్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలమిది. భాష రాకపోయినా అంకెలు చదవవచ్చును. ఒక్కొక్కరు ఏ వయస్సున పోయినారో విద్యార్థులతో లెక్క కట్టించాలి. సముద్రాలు దాటి బట్టల కోసం వచ్చి జ్వరాలకు బలియైన వారి జాబితా అది. లెక్క కట్టిన విద్యార్థికి ఈస్టిండియా కంపెనీ అనగా పుస్తకంలోని మాట మాత్రమే కాదు, మనుష్యులని కూడ తెలుస్తుంది. సెంట్ మేరీ చర్చిలో 1809లో మరణించిన అరబెల్లా రాబిన్‌సన్ అనే యువతి సమాధి ఉన్నది. దానిని అంటిపెట్టుకొని ఒక ప్రేమగాథ ప్రచారంలో ఉన్నది. చూపించేవారు దానికే ఎక్కువ సమయం తీసుకొంటారు. వినవచ్చును గాని, డచ్చి సమాధులకు కేటాయించిన సమయాన్ని దానికి ఇవ్వరాదు.

రాబర్ట్‌సన్‌పేట దగ్గర మరికొంతసేపు నిలబడాలి. 1830 ప్రాంతంలో ఇక్కడి కలెక్టరు రాబర్ట్‌సన్ తాను వేయించిన కొత్త అంగడికి అలంకారంగా ఉండాలని అమరావతి స్తూపం నుండి 33 శిల్పఫలకాలను తెప్పించినాడు. రెండువేల ఏండ్ల నాటి బౌద్ధశిల్పం కూరగాయల బేరం మధ్య నిలబడినది! 1835లో మద్రాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడమ్ వాటిని చూచి మద్రాసుకు పంపమన్నాడు. ఆజ్ఞ వచ్చినా రాళ్ళు ఇరవై ఏండ్ల దాకా కదలలేదు. చివరకు 1850లలో కొన్ని మద్రాసు మ్యూజియం చేరినవి. వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతిలో తవ్వించినవి 1859లో లండనుకు పోయినవి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఈ సంగతి విన్నప్పుడు దొరలపై కోపం రావడం సహజం. అయితే అంగడిలోనే ఉండనిచ్చితే ఆ శిల్పాలు ఏమయ్యేవి అన్న ప్రశ్న కూడ విద్యార్థుల ముందు పెట్టాలి. ఉత్తరం నేను చెప్పను. తరగతిలో వాదించుకొనవలసిన విషయమది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో పాటు సముద్రం ఊరి మీదికి వచ్చినది. సుమారు 30,000 మంది చనిపోయినారు. ఆనాటితో రేవుపట్టణంగా బందరు దశ దాదాపు ముగిసినది. ఒండ్రు చేరి తీరం ముందే మెరక వేసింది. పెద్ద ఓడలు దూరాన లంగరు వేయవలసి వచ్చేది. రైళ్ళు, మద్రాసు రేవు మిగిలిన వర్తకాన్ని లాగుకొన్నవి. 1977 నవంబరు 19న ఇదే జిల్లాలోని దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ముసలివారు పాత కథలను మళ్ళీ తలచుకొన్నారు. 2023 మే నెలలో కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగినది.

ఓడలు తగ్గిన ఊరిలో చదువులు పెరిగినవి. నోబుల్ దొర 1843లో పెట్టిన పాఠశాల కళాశాల అయినది. 1902లో కృష్ణాపత్రిక పుట్టినది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. జెండా వెంకయ్య గారుగా పేరుపొందిన పింగళి వెంకయ్య గారు అక్కడ అధ్యాపకులు. 1921లో విజయవాడ కాంగ్రెసు సమావేశాలలో గాంధీజీకి ఆయన పతాక నమూనా సమర్పించిన సంగతి అందరికి తెలిసినదే. ఆ సమావేశాల జ్ఞాపకాలు గల విజయవాడ విక్టోరియా జూబిలీ మ్యూజియం ఇప్పుడు బాపు మ్యూజియం అన్న పేరుతో ఉన్నది. దారిలో దానిని కూడ చూడవచ్చును. సమయం మిగిలితే ఘంటసాలకు పోవాలి. పాత బౌద్ధస్థలం, చిన్న మ్యూజియం ఉన్నాయి. అక్కడి శిల్పాలలో కొన్ని పారిస్‌లోని గీమే మ్యూజియంకు చేరినవి. కూచిపూడి కూడ ఆ దిక్కుననే ఉన్నది. ఆ అగ్రహారాన్ని భాగవతులకు ఇచ్చినవాడు గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా అని అక్కడి సంప్రదాయం. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదివే మన కళాశాల వారు ఆ ఊరిలో ఒక గంట గడపటం సముచితం.

యాత్ర క్రమం కూడ ముఖ్యమే. బయలుదేరే ముందు ఒక ఆదివారం కోటిలింగాలకు నడిపించాలి. గోదావరి, పెద్దవాగు కలిసే ఆ చోట దొరికిన నాణేలపై సిముకుని పేరును, శాతవాహనులకు ముందటి గోబద, నారన, కంవాయ, సమగోప అనే పాలకుల పేర్లను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివినారు. ఆ నాణేలు ఊరిలో లేవు. ఎల్లంపల్లి జలాశయపు నీరు దిబ్బ అంచులను తాకుతున్నది. బందరులో ఏమి వెదకాలో ఇక్కడనే అభ్యాసమవుతుంది. తరువాత హైదరాబాదులో సాలార్‌జంగ్ ఆయుధశాల, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం చూడాలి. బందరు ఆఖరున. నేరుగా పోదలచినవారు రాయపట్నం వంతెన దాటి మంచిర్యాలలో రైలెక్కి కాజీపేట మీదుగా విజయవాడ చేరవచ్చును. అక్కడి నుండి బందరు బస్సులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం.

డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. అక్టోబరు, నవంబరులలో వాయుగుండాల భయం. పెడనలో అద్దకం పనివారి పని ఆగకుండా పదిమంది చొప్పున లోపలికి పోవాలి. మంగినపూడి సముద్రతీరం సాయంకాలానికి ఉంచుకోవాలి. అక్కడ ఇసుకకు బదులు నల్లమన్ను కాలికి తగులుతుంది. ఓడలు ఒడ్డుకు ఎందుకు రాలేకపోయినవో ఆ మన్నే చెప్పుతుంది. తిరుగుప్రయాణంలో బందరు లడ్డు కొననిదే ఎవరు బస్సు ఎక్కరు గనుక దాని వేళ వేరే నిర్ణయించనక్కరలేదు. డచ్చి సమాధులకు మాత్రం తెల్లవారగానే పోవాలి. ఏటవాలు వెలుతురులో అరిగిపోయిన అక్షరాలు కూడ నీడలు పట్టి పైకి లేచి కనిపిస్తాయి. తొమ్మిది దాటి ఎండ నిటారైతే ఆ రాతిపై ఏమీ వ్రాయనట్లే ఉంటుంది.